జీపు మీద రెండు దెబ్బలు

మొన్న పెదబయలు వెళ్లే దారిలో అడవి మంటలార్పే కొత్త బండి ఆగి ఉంటే, పనిలేని పెద్దవాణ్ని కనుక నిలబడి చూశాను. మనుషులందరూ లోపల కూర్చుని బెల్టులు బిగించుకున్నాక, తలుపులన్నీ పడ్డాయని ఒక గార్డమ్మాయి చుట్టూ తిరిగి చూసుకున్నాక గానీ అది కదల్లేదు. మా రోజుల్లో అంత ఓపిక ఎవరికుండేది!

నేను చింతపల్లి ఘాట్‌లో ఊళ్ల మధ్య జనాన్ని చేరవేసే సర్వీసు జీపు తోలి, ఆ అనుభవంతో అటవీశాఖలో డ్రైవరుగా చేరినవాణ్ని. సర్వీసు జీపుల్లో వెనక వేలాడేవాడు బండి మీద ఒక దెబ్బ కొడితే ఆపాలి, రెండు కొడితే పోనివ్వాలి. ఆ అలవాటునే మంటల దగ్గరికీ మోసుకుపోయాను. ఎండలు ముదిరి కొండలంటుకున్నప్పుడు, నీళ్ల డ్రమ్ములు వేసుకున్న జీపును నేను మంట వెంబడి మెల్లగా నడుపుతుంటే, వెనక పలక మీద నిలబడ్డ మనుషులు దిగి ఆర్పుతూ, మళ్లీ ఎక్కుతూ ఉండేవారు. వాళ్లలో పెద్దవాడు అక్కడే కొండవాలు కాల్చి పోడు సాగు చేసుకుని బతికిన రైతు, నాకు ఏ వరసా కాకపోయినా మామా అనే పిలిచేవాణ్ని.

ఒక మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి మా వైపు తిరిగింది. అందరూ గబగబా ఎక్కుతున్నారు, పొగకు అద్దంలో ఏమీ కనబడదు, నేను గేరు వేసి కాచుకుని ఉన్నాను. ఠప్, ఠప్ అని రెండు దెబ్బలు వినబడగానే పోనిచ్చేశాను. దిగువ మలుపు దాటాక వెనకవాళ్లు చెబితే తెలిసింది, జీపు మీద ఎవరూ కొట్టలేదు, మంటలో వెదురు కణుపులు పేలాయి, పలక మీద ఒక కాలు పెట్టిన మామ జారి వెనకే ఉండిపోయాడు.

తిరిగి వెళ్దామంటే మంట రోడ్డుకు అడ్డం పడింది. మనిషిని చంపేశాననే అనుకున్నాను. మంట తగ్గాక వెళ్తే ఆయన నల్లటి బూడిదలో నిలబడి ఉన్నాడు; కాలిన చోట మళ్లీ కాలదని పోడు కాల్చే మనిషికి తెలుసు కనుక, మంట పలచగా ఉన్నచోట దాటి అటు దూకాడట. అరికాళ్ల నిండా బొబ్బలు. "నేనింకా ఎక్కనేదు బాబూ, బండి కదిపీసినావేటి?" అన్నాడంతే. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇప్పటి బళ్లకు వెనక నిలబడే పలకే లేదు, దెబ్బలతో పనీ లేదు, మంచిదే. మామ మాత్రం కాళ్లు మానాక పనిలోకి వచ్చాడు గానీ మళ్లీ నా జీపెక్కలేదు, ఎంత దూరమైనా నడిచే వచ్చేవాడు. పక్కన ఆపి మామా, ఎక్కు అని పిలిస్తే నవ్వుతూ చెయ్యూపి సాగిపోయేవాడు. ఆ పిలుపు ఆ రోజు పొగలో పిలవాల్సింది.