రొయ్యల కూరకి ముందు సూది

ఇవాళ పొద్దున్న కూర్మన్నపాలెంలో ఎముకల డాక్టరు దగ్గర కూర్చున్నాను. నెల రోజులుగా కుడి భుజం పైకి లేవడం లేదు. చొక్కా తొడుక్కోవాలన్నా ఇంట్లో వాళ్లని బతిమాలుకోవాల్సి వస్తోంది. ఆ డాక్టరమ్మ మా చిన్నమ్మాయి కంటే చిన్నదే అయ్యుంటుంది. భుజంలోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తానంటూ, "షుగర్ ఉందా అంకుల్? ఇంతకు ముందు ఎక్కడైనా ఇలాంటి ఇంజెక్షన్లు చేయించుకున్నారా? దాచకుండా చెప్పండి," అంది. నాకు నవ్వు ఆగలేదు. పాపం, ఆ పిల్ల కంగారుపడింది. నేను చేయించుకోలేదమ్మా, చేయించుకున్న మహానుభావుడు వేరే ఉన్నాడన్నాను.

ఆ మహానుభావుడు మా అక్క మొగుడు. మా వైపు ఇద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఊళ్లో మా వాళ్లవి వరి చేలు. నేను స్టీల్‌ప్లాంటులో చేరితే, ఆయన ఫిషింగ్ హార్బరులో బోటు ఇంజిన్లు బాగుచేసే మేస్త్రీ అయ్యాడు. మొరాయించిన ఇంజిన్ మీద చెవి పెట్టి విని, రోగమేమిటో చెప్పేసేవాడు. అంతటివాడికి రొయ్య పడదు. ఒక్కటి తిన్నా పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. అలాగని రొయ్యలంటే అయిష్టమా? అబ్బే! ఉల్లికాడలు వేసిన రొయ్యల కూర వాసన తగిలితే చేతిలో పానా కింద పెట్టేసి వాసన వచ్చిన వైపే నడిచేవాడు.

దీనికాయన కనిపెట్టిన ఉపాయం వినండి. హార్బరు రోడ్డులో ఒక ఆర్‌ఎంపీ డాక్టరుండేవాడు. దద్దుర్లకి ఒకసారి ఆయన స్టెరాయిడ్ సూది వేస్తే సాయంత్రానికల్లా అణిగిపోయాయి. ఇంకేం! దద్దుర్లు వచ్చాక వేయించుకునేదేదో ముందే వేయించుకుంటే పోలేదా అనుకున్నాడు మా బావ. ఎక్కడ భోజనానికి పిలిచినా ముందు సూది, తర్వాత రొయ్యలు. పోనుపోను వారానికి రెండు సూదులయ్యాయి. బుగ్గలు నిండి, మొహం గుండ్రంగా తయారైంది. అది సూదుల పొంగని తెలియక మా అక్క తెగ మురిసిపోయేది. "నా సేతి వంట ఒంటబట్టింది," అని పెందుర్తిలో వాళ్ల వీధంతా చాటింది. ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఆయన నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని, "అక్కకి సెప్పకు బావా, నా మీద ఒట్టు," అన్నాడు. ఒట్టు తప్పితే, ఎవరి నెత్తి మీద చెయ్యి పెట్టామో వాళ్లే పోతారని మా ఇళ్లల్లో గట్టి నమ్మకం. చదువుకున్నవాణ్ని, నవ్వేసి ఊరుకున్నాను.

ఇలా ఏడాది దాటాక, బావ ఇంజిన్ బిగించిన కొత్త బోటు నీళ్లలోకి దిగింది. అబ్బ, ఏం సందడి! బోటు నిండా బంతిపూలు, డప్పులు, ఈలలు! ఇంజిన్ మొదటి దెబ్బకే అందుకుంటే హార్బరంతా కేక పెట్టింది. మా బావ ఛాతీ చూడాలి! మా అక్క పట్టుచీర కట్టుకుని జనంలో నిలబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. మొదటి విస్తరి ఇంజిన్ బిగించిన మేస్త్రీకే వెయ్యాలని ఆ బోటువాళ్ల పట్టు. విస్తట్లో ఏముంటుంది? రొయ్యలే. ఆర్‌ఎంపీ డాక్టరు మూడు వారాలుగా ఊళ్లో లేడు. నేను చెవిలో, "వద్దు బావా," అన్నాను. "నీకేటి తెల్దు. ఇన్ని సూదులేయించాను, మందు ఒంట్లోనే ఉంటాది," అన్నాడు, ట్యాంకులో డీజిల్ మిగిలినట్టు. తినేశాడు.

పెరుగన్నం దాకా రాలేదు. గొంతు పట్టుకున్నాడు. పెదాలు ఉబ్బాయి, ఊపిరిలో పిల్లికూత మొదలైంది. "ఓలమ్మో, ఏటైపోనాదే!" అని అక్క కేక. ఆటోలో పడేసి లగెత్తించాం. ఆసుపత్రిలో డాక్టరు చూస్తూనే తొడలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్ పొడిచి, సెలైన్ పెట్టించాడు. "స్టెరాయిడ్ ఎయ్యండి బాబూ, మాకు దానికే తగ్గుద్ది," అని బోటువాళ్లెవరో అరిస్తే, "గొంతు మూసుకుపోతున్నప్పుడు ముందు ఇదే. స్టెరాయిడ్ పని చెయ్యడానికి గంటలు పడుతుంది," అన్నాడు. కాసేపటికి కూత తగ్గింది. హమ్మయ్య అనుకున్నాం. అంతలో బీపీ పడిపోవడం మొదలైంది. రెండోసారి అడ్రినలిన్ ఇచ్చినా నిలబడలేదు.

"ఈయన ఏం మందులు వాడతారు?" అన్నాడు డాక్టరు. "తలనొప్పి బిళ్లైనా ముట్టరండి," అంది అక్క ధైర్యంగా. బావ కళ్లు తెరిచి నావైపే చూస్తున్నాడు, వద్దన్నట్టు. నా చెయ్యి ఆయన నెత్తిన ఉన్నట్టే ఉంది. చెబితే పోతాడేమో. చెప్పకపోతే? ఇంత చదువూ ఎటు పోయిందో, ఆ చెయ్యి వెనక్కి దాచుకుని నిలబడ్డాను. డాక్టరు మళ్లీ అడిగాడు. బీపీ మీటరులో అంకె ఇంకా దిగింది. అప్పుడు అరిచేశాను. "సూదులండీ! స్టెరాయిడ్ సూదులు! వారానికి రెండు, ఏడాది పైనుంచి! మూడు వారాలైంది ఆగి!"

డాక్టరు ఇంకో ప్రశ్న వెయ్యలేదు. నర్సుకి హైడ్రోకార్టిసోన్ అని చెప్పి నరంలోకి ఎక్కించాడు. అదీ స్టెరాయిడే. ఆ సరుకు మన ఒళ్లే రోజూ తయారుచేసుకుంటుందట. బయటినుంచి పోస్తూ పోతే లోపలి తయారీ మూతబడుతుందట. ఉన్నట్టుండి సూది ఆగిపోతే, ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు ఒంటికి ఆసరా ఉండదట. ఇదంతా తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం మేం మీటరు వైపే చూస్తూ నిలబడ్డాం. అంకె మెల్లగా ఎక్కింది! ఎక్కి, అక్కడే నిలబడింది! నేను ఆ నర్సమ్మకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేశాను.

బావ బతికాడు. షుగరు అప్పటికే వచ్చి కూర్చుందని రక్తపరీక్షలో తేలింది. స్టెరాయిడ్ బిళ్లలు డాక్టరు చెప్పిన లెక్కన తగ్గించుకుంటూ వచ్చి, నెలల తరబడి పరీక్షలు చేయించుకుంటే గానీ ఒళ్లు దారికి రాలేదు. రొయ్యలు బంద్. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా చూపించమని ఇచ్చిన కార్డు ఆయన జేబులోనే ఉంటుంది. బుగ్గలు తగ్గిపోతే అక్కకి తన వంట మీదే అనుమానం వచ్చింది. నాతో మాత్రం ఆరు నెలలు మాట్లాడలేదు. "నీకు తెలిసీ సెప్పనేదు," అన్న ఒక్క మాట తప్ప. బావేమో వార్డులో కళ్లు తెరవగానే, "ఒట్టు తప్పీసినావు బావా," అని నా వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు.

డాక్టరు మొదటిసారి అడిగినప్పటికీ నేను నోరు తెరిచినప్పటికీ మధ్య రెండు నిమిషాలు కూడా అయ్యుండవని అక్కడున్నవాళ్లంతా అంటారు. ప్లాంటులో ముప్పై ఏళ్ల ఉద్యోగం ఎలా గడిచిందో నాకు గుర్తులేదు గానీ, ఆ రెండు నిమిషాలు నాకింకా పూర్తి కాలేదు.