పర్ణశాల దారిలో ఎంగిలిపడని చుట్టాలు

వ్యవసాయం చేసేవాడికి పిల్ల దొరకడం ఎంత కష్టమో తెలియాలంటే మా జూలూరుపాడు వచ్చి నన్ను చూస్తే చాలు. బడి మధ్యలో మానేసి పత్తి చేలో దిగినవాణ్ణి. అలాంటి నా ఇల్లు చూడటానికి మధిర నుంచి పిల్ల తండ్రి, ఆయన చెల్లెలు వచ్చారు. సంబంధం ఖాయమయ్యేదాకా అవతలివాళ్ళ సొమ్ముతో ఎంగిలిపడకూడదని వాళ్ళ పట్టింపు. తింటే ఒప్పుకున్నట్టే. అమ్మ ఇచ్చిన చాయ్ ముట్టకుండా మీగడ కట్టించారు.

ఇల్లు చూశాక పిల్ల మేనత్త, "ఎటూ ఇంతదూరం వచ్చాం గదా, పర్ణశాల చూపించు అబ్బాయ్" అంది. కిరాయి కారు తెచ్చాను. ఎక్కబోతుంటే అమ్మ చెవిలో చెప్పింది: "నీ ఎకసెక్కాలు మొదలువెట్టినవంటే గీ సంబంధం గూడ పోతది. సప్పుడుజేయక బండి నడుపు."

నోరు కట్టేసుకుని నడిపాను. ఆయన్ని ఏమని పిలవాలో తెలియదు. మామా అందామంటే ఇంకా కుదరలేదు, బాబాయ్ అంటే పిల్ల చెల్లెలైపోతుంది. పర్ణశాలలో కుటీరం, బొమ్మలు, సీతమ్మ చీర ఆరేసిందని చెప్పే బండలు, అన్నీ "ఇదిగోనండీ, అదిగోనండీ" అంటూ చూపించాను. ఆయన మాత్రం బండల మీది చారలు చూడలేదు. నన్నే చూశాడు.

"చదువెందుకు మానేశావు బాబూ?"

"సార్లు బతిమాలారండీ."

మేనత్త కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వలేదు.

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి గోదావరిలోకి దిగినప్పుడు నాకోసం మిర్చి బజ్జీలు కొనుక్కున్నాను. మేనత్త దగ్గరికొచ్చింది. "ఒకటి ఇటివ్వు. అన్నయ్యతో అనకు." ఒకటి అన్నది సగం పొట్లం ఖాళీ చేసింది. మిగతా సగం నేను తిన్నాను. ఆవిడ తిందని చెబితే ఆవిడ పరువు పోతుంది, చెప్పకపోతే నా పెళ్ళి పోతుంది.

తిరుగు దారిలో ఆయన, "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అన్నాడు. ఆ మాట అన్నవాళ్ళెవరి కబురూ ఇంతవరకు మా ఇంటికి రాలేదు.

వెనక సీట్లోంచి మేనత్త అంది: "నేను తిన్నాను అన్నయ్యా. ఈ అబ్బాయి సొమ్మే, బజ్జీలు."

ఆయన ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"ఆకలికి తిన్నావా, ఒప్పుకుని తిన్నావా?"

"ఆకలికే మొదలుపెట్టాను."

ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూ, "ఇంకేమన్నా ఉన్నాయా బాబూ?" అన్నాడు.

ఖాళీ కాగితమే ఉంది. రెండు పక్కలా అడవి. దుకాణం కనపడేలోగా ఆయన మనసు మారకూడదని స్పీడు పెంచాను.