తద్దినం పెట్టని చెల్లెలు

పామర్‌స్టన్ నార్త్‌లో బస్సెక్కి, జాన్సన్‌విల్‌లో ఉన్న మా అక్క ఇంటికి బయల్దేరాను. పక్క సీట్లో ఎనభై దాటిన కొరియా ఆవిడ. ఒళ్ళో పియర్ పళ్ళ సంచీ.

"ఇవాళ మా ఆయన పోయిన రోజు. మా అబ్బాయింట్లో అన్నం, పళ్ళు పెట్టి మొక్కుతాం" అంది ఇంగ్లిషులో. మేమూ తద్దినాలు పెడతామంటే ఆశ్చర్యపోయింది.

"మా అన్నకి మాత్రం పెట్టను" అంది.

యుద్ధంలో అమ్మ ఆరేళ్ళ ఈవిణ్ణి తీసుకుని దక్షిణానికి పారిపోయిందట. పది రోజుల్లో తిరిగొస్తామని, పన్నెండేళ్ళ అన్నను ఇంటికి కాపలా ఉంచింది. యుద్ధం ఆగేసరికి దేశం మధ్యలో కంచె పడింది. ఇల్లు ఉత్తరాన ఉండిపోయింది. అన్న కబురే లేదు.

నా నోరు ఊరుకోదు కదా! "తిథి తెలియనివాళ్ళకి మేం మహాలయ అమావాస్యనాడు పెడతాం ఆంటీ" అన్నాను, ఏదో దారి చూపిస్తున్నట్టు.

"మాకూ ఉంది అలాంటి రోజు. తొమ్మిదో నెల, తొమ్మిదో రోజు. మా అబ్బాయి ఏటా అడుగుతాడు. పెడితే అన్న పోయాడని నేనే ఒప్పుకున్నట్టు కదా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆవిడ సంచీ సర్దుకుంటూ అంది: "నేను పోయాక అన్నకీ నాకూ కలిపి పెట్టమన్నాను."