బాపు కట్టిన క్యాబిన్

లారీలు తయారుచేసే ఒక పెద్ద కంపెనీ తన పాత బండ్లను వెతికి మ్యూజియంలో పెడుతోందట. మంచిర్యాలలో ఒక బొగ్గు వ్యాపారి షెడ్డులో పడి ఉన్న లారీని తీసుకుపోవడానికి మనుషులు వస్తున్నారని ఆ వ్యాపారే ఫోన్ చేసి చెప్పాడు. ఆ రోజు నా కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ లారీకి క్యాబిన్ కట్టింది మా బాపు, అంటే మా నాన్న.

ఈ కాలం వాళ్ళకు చెబితే నమ్మరు. అప్పట్లో కంపెనీ నుంచి లారీ అంటే చాసీ అనే ఇనుప చట్రం, ఇంజను, ముందర ఒక రేకు ముఖం, అంతే వచ్చేది. తలుపుల్లేవు, కప్పు లేదు. డ్రైవరు చెక్కపెట్టె మీద కూర్చుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, రాష్ట్రాలు దాటుకుని వచ్చి గోదావరిఖనిలో మా షెడ్డు ముందు దిగేవాడు. మిగతాదంతా బాపు చేతిపనే. డ్రైవరును స్టూలు మీద కూర్చోబెట్టి, దర్జీ చొక్కాకు కొలిచినట్టు, మోకాలి నుంచి పెడలు దాకా కొలిచేవాడు. తర్వాత కంపెనీలే క్యాబిన్లు బిగించి పంపడం మొదలుపెట్టాయి. మా షెడ్డు మూతపడింది. బాపు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కట్టిన బండ్లన్నీ తుక్కు కింద పోగా ఇదొక్కటే మిగిలింది. అది మ్యూజియంలో చల్లగా ఒక నీడపట్టున ఉంటే, ఎప్పుడైనా వెళ్ళి ఆయన పనిని చూసి రావచ్చన్నదే నా ఆశ.

నేను చేసింది చెప్పుకుంటే నాకే సిగ్గు. కాలనీ అంతా చాటింపు వేశాను. పట్టుచీర కట్టాను. బండి పక్కన పెడతారేమోనని బాపు ఫోటో తుడిచి సంచిలో పెట్టుకుని మంచిర్యాల బస్సెక్కాను.

కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరుది కోస్తా వైపు. మర్యాదస్తుడే. ఫోటోను రెండు చేతులతో అందుకుని చూసి, జాగ్రత్తగా తిరిగిచ్చాడు.

“మేడమ్, మా ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికొచ్చిందో అలాగే పెట్టాలండి. క్యాబిన్ కంపెనీది కాదు కదా. తీసేస్తాం.”

నాకు ఒళ్ళు మండింది. క్యాబిన్ లేకుండా మీ బండిని ఈ ఎండల్లో, ఈ బొగ్గు దుమ్ములో ఎవడు తోలాడని కడిగేశాను. మీ చరిత్రలో సగం మా షెడ్డులోనే పుట్టిందన్నాను. పాపం, తల దించుకుని విన్నాడు. ఆ తర్వాత చేతిలోని కాగితం చూపించాడు. క్యాబిన్ అన్నచోట ‘లోకల్’ అని ఒక్క ముక్క రాసి ఉంది.

మెకానిక్కులిద్దరూ బోల్టుల కోసం వెతికారు. దొరికితే కదా! బొగ్గునీళ్ళకు తుప్పు పడతాయని బాపు బోల్టులు వాడేవాడు కాదు. కర్రలను ఒకదాంట్లో ఒకటి దూర్చి, కట్టె చీలలతో బిగించి, పైన రేకు కప్పేవాడు. చూసి చూసి విసిగిపోయి, కోసేద్దామని కరెంటు రంపం తెచ్చారు.

వ్యాపారి నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: “అక్కా, ఎట్ల ఇప్పాల్నో నీకెర్కైతే నువ్వన్న చెప్పు. కోసినంక అది పొయ్యిలకే పోతది.”

నాకు తెలుసు. రిపేరుకొచ్చిన క్యాబిన్లు విప్పేటప్పుడు బాపు నన్నే పైకెక్కించేవాడు. ఏ చీల ముందు కొట్టాలో కళ్ళు మూసుకుని చెప్పగలను. చెప్పకపోతే కోస్తారు. చెబితే, బాపు పనుల్లో మిగిలిన ఒక్కదాన్నీ నా చేతులతో నేనే విప్పినట్టు. దేవుడా, ఇదేం పరీక్ష అనుకున్నాను. రంపం మోత మొదలయ్యేసరికి ఆగమని అరిచి, కొంగు బొడ్లో దోపి, సుత్తి అడిగాను.

ఎడమ తలుపు పైమూల, రేకు కింద. మూడు దెబ్బలకు మొదటి చీల బయటికొచ్చింది. తర్వాతవి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒక్క కర్రా పగల్లేదు. కొడుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను, ఎవరు చూస్తే నాకేంటి. ఇంజనీరు ఫోటోలు తీసుకున్నాడు. తీసుకోనీ.

కర్రలన్నీ ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున వాకిట్లో పరిస్తే, ఇన్నేళ్ళూ లోపల దాగిన ప్రతి కొస మీదా బాపు పెన్సిలు గుర్తులు కనిపించాయి. ఒక గీత, రెండు గీతలు, సున్నా. ఏది ఎందులో దూరాలో రాసిపెట్టుకున్నాడు. బొగ్గు అంటని కర్ర మీద నిన్న గీసినట్టే ఉన్నాయి. తడమబోయి, చెరిగిపోతాయేమోనని చేయి వెనక్కి తీసుకున్నాను.

విప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కట్టడం నేర్పమని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే నేర్పేవాడే.