నిండా పోసిన గిన్నె

కిర్గిజ్ కొండల్లోని నరీన్‌లో, చేతులు స్వాధీనంలో లేని పిల్లలకు సొంత పనులు నేర్పే థెరపిస్టు జూరా. సాయం చెయ్యకుండా చూస్తూ కూర్చోవడమే ఆమె ఉద్యోగం. సాయానికి ఉరికే తన పాడు చేతులు ఊరుకుంటేగా! ఆ రోజు గుల్జినా ఇంట్లో వాటిని తొడల కింద నొక్కిపెట్టుకుని మరీ కూర్చుంది.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న గుల్జినాకు పదిహేడేళ్లు. ఇంట్లో చిన్నది, చుట్టాలకు చాయ్ పొయ్యడం ఆమె వంతే. అక్కడ చాయ్ గిన్నెలో సగానికే ఆపాలి, అది మర్యాద. నిండా పోస్తే ఇక లేచి వెళ్లమన్నట్టు. చలికాలమంతా కష్టపడి నేర్చుకున్నది ఆ ఆపడమే.

"దీనికెందుకే ఈ యాతన? నోట్లో పోసేవాళ్లున్నారుగా!" అంది చుట్టపుచూపుగా వచ్చిన మేనత్త తల్లితో, పిల్ల ఎదుటే.

మేనత్త గిన్నెలోకి గుల్జినా కెటిల్ వంచింది. చాయ్ సగం దాటింది. జూరా తొడల కింద చేతుల్ని ఇంకా గట్టిగా నొక్కింది. గిన్నె అంచుదాకా నిండింది, చుక్క ఒలకలేదు.

మేనత్త మొహం మాడ్చుకుని శాలువా అందుకుంది.

"ఏమీ అనుకోకు వదినా, దాని చెయ్యి వణికింది," అంటూ తల్లి కంగారుపడింది.

"వణకలేదు," అంది గుల్జినా, ఒక్కో అక్షరం కూడదీసుకుని.