రిలీవర్ రాని ఆదివారం

ప్రభుదాసుకి నలభై ఒకటి. ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. ఆయన ప్రతాపమంతా ఇనుము ఎత్తడంలోనే ఉందనుకుంటే పొరపాటే. భిలాయి క్యాంప్ 2లో ఫైటింగ్ వీడియో గేములకి ఆయనంతటి చెయ్యి ఇంకోటి లేదు.

తొంభైల చివర్లో విన్సెంట్ పార్లర్‌లో రెండు గేము పెట్టెలుండేవి. స్కూలు ఎగ్గొట్టిన పిల్లలూ, షిఫ్టు దిగిన కుర్రాళ్లూ వాటి ముందు ఎగబడేవారు. హిందీలో తిట్టుకుంటూ, తెలుగులో దెబ్బలాడుకుంటూ తెర మీది బొమ్మల చేత కొట్టించుకునేవారు. పార్లర్ మూతపడ్డాక ఆట ఇళ్లలోని ప్లేస్టేషన్లకి చేరింది. ఆ తర్వాత ఫోన్లొచ్చాయి, కుర్రకారంతా తుపాకుల ఆటలకి ఎగిరిపోయింది. చివరికి మిగిలింది ఇద్దరే: ప్రభుదాసు, ఆయన దగ్గర ఆట నేర్చిన శరత్. దేవుడి తమాషా ఏమిటంటే, ఇద్దరిదీ ఒకటే క్రేను. ఒకరు ఎక్కితేనే ఇంకొకరు దిగాలి.

ఈ ఏడు రాయపూర్‌లో ఆదివారం నాలుగింటికి రాష్ట్ర పోటీ పెట్టారు. ఇద్దరూ పేర్లిచ్చారు, మొదటి ఆటలోనే ఎదురెదురుగా పడ్డారు. ప్రభుదాసుది పొద్దుటి షిఫ్టు, శరత్‌ది మధ్యాహ్నం రెండింటి షిఫ్టు. రెండింటికి దిగితే రాయపూర్ గంట ప్రయాణం.

"నాకు ఛుట్టీ దొరకలేదన్నా. నువ్వెళ్లు" అన్నాడు శరత్.

ప్రభుదాసు జాలిపడ్డాడు గానీ లోపల్లోపల ప్రాణం లేచొచ్చింది. భిలాయి బయటివాడితో ఒక్కసారైనా ఆడాలన్నది ఆయన పాతికేళ్ల కోరిక. ఎడమ బొటనవేలు అప్పటికే వాస్తోంది. వచ్చే ఏటికి అది పనికొస్తుందన్న నమ్మకం లేదు.

ఆదివారం రెండయింది. శరత్ రాలేదు. రెండున్నరయింది. రిలీవర్ వచ్చేదాకా క్యాబిన్ దిగడానికి లేదు, కింద మనుషులు పనిచేస్తున్నారు. ప్రభుదాసు వాకీటాకీలో ఫోర్‌మన్ శ్యామసుందర్‌ని బతిమాలాడు.

"భయ్యా, కాళ్లట్టుకుంటాను. ఎవుర్నోకర్ని ఎక్కించండి."

"ఎవులున్నారు ప్రభుదాసూ? ఇంకో ఆపరేటరు బాలు సెలవు. శరత్ ఫోనెత్తట్లేదు."

అప్పుడు తట్టింది ఆయనకి. తను వెళ్లకపోతే శరత్ ఆడకుండానే నెగ్గుతాడు! వాడు తిన్నగా రాయపూర్ పోయాడు. ఎన్ని ఆదివారాలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు, ఈ వెధవకి! ఆ ఇరుకు గదిలో బూతులు తిట్టాడు, ప్రార్థించాడు, మళ్లీ తిట్టాడు. చేతులు మాత్రం క్రేను నడుపుతూనే ఉన్నాయి. గడియారం నాలుగు దాటేటప్పుడు దాని వైపు చూడలేక కళ్లు తిప్పేసుకున్నాడు.

ఆరింటికి శరత్ నిచ్చెనెక్కి వచ్చాడు. తలెత్తలేదు.

"గల్తీ అయిపోయిందన్నా. నువ్వొస్తే నేను నెగ్గలేను గదా. అందుకే వెళిపోనాను."

"నెగ్గేవేటి మరి?"

"నువ్వు రాలేదని నన్ను పై ఆటకి పంపీసేరు. అక్కడ దుర్గ్ కుర్రోడి మీద ఓడిపోనాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు."

కొట్టడానికి లేచిన ప్రభుదాసు చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఎంత వద్దనుకున్నా అడక్కుండా ఉండలేకపోయాడు.

"ఏటితో కొట్టేడు?"

శరత్ బొటనవేళ్లు గాలిలో ఆడించి చూపించాడు. కాలు తన్ని పడగొట్టడం, లేచేలోగా పట్టుకుని విసిరేయడం. మళ్లీ అదే, మళ్లీ అదే.

"అంతేనేటి?" అన్నాడు ప్రభుదాసు. "దాన్ని నేను నిద్దట్లో కూడా ఆపీసీవోణ్ణి కదరా!"

నిచ్చెన పట్టుకున్నాడు. కింద ఫోర్‌మన్ చూస్తున్నాడని తెలిసినా, దిగినంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు.