చెంగమ్మ సాలు

లిడియాకు స్ట్రాబెర్రి మొక్క కొత్తది కాదు. మదనపల్లె మిషన్ కాంపౌండులో వాళ్ల నాయన తోటమాలి. అక్కడుండే దొరసాని బెంగళూరు నుంచి మొక్కలు తెప్పించి నాలుగు మళ్లలో పెంచేది. మొక్క పక్కకు తీగ సాగితే ఆ కొసన పుట్టిన పిలకను ఎప్పుడు తుంచి నాటాలో, పండు మట్టికి తగలకుండా కింద వరిగడ్డి ఎంత మందాన పరచాలో లిడియా పలక పట్టకముందే నేర్చుకుంది. పెండ్లయింది. నాలుగేండ్లకు మొగుడు కలరాలో పోయాడు. మళ్లీ నాయన ఇంటికి చేరిన ఏడాదే పుంగనూరు నుంచి వరదరాజులు నాయుడు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

అవి యుద్ధం రోజులు. బెంగళూరు కంటోన్మెంటు నిండా తెల్ల సిపాయిలు, ఆఫీసర్లు. వాళ్ల మెస్సులకు పండ్లు వేసే షావుకారొకడు ఎన్ని స్ట్రాబెర్రీలు పంపినా తీసుకుంటానని నాయుడికి మాటిచ్చాడు. నాయుడికి పుంగనూరు బయట రెండెకరాల తోట ఉంది, ఎండాకాలంలో కూడా ఇంకని బావి ఉంది. లేనిదల్లా పని తెలిసిన మనిషి.

"నువ్వొచ్చి మేస్త్రీగా ఉండమ్మా. ఆడోళ్లు పన్నెండు మంది నీ చేతికింద ఉంటారు," అన్నాడు.

లిడియా అంతవరకు ఎవరి మీదా పెత్తనం చేసి ఎరగదు. ఆ మాట ఆమెకు తీపిగా తగిలింది. పెట్టె సర్దుకుని బస్సెక్కింది.

రెండో ఏటికి తోట దారిలో పడింది. మార్గశిరం నుంచి శివరాత్రి దాకా కోత. పొద్దున మంచు ఆరినాక ఆడవాళ్లు సాళ్లలోకి దిగేవాళ్లు. పండును పట్టుకోకుండా తొడిమను గోటితో తుంచాలి. మోదుగాకులు పరిచిన వెదురుబుట్టలో రెండు వరసలకు మించి పేర్చకూడదు. తొమ్మిదిన్నరకు, పెట్రోలు కరువై బొగ్గుతో నడిపే బస్సు వస్తుంది. అది పలమనేరు మీదుగా కుప్పం చేరితే, అక్కడ మధ్యాహ్నం రైలుకు బుట్టలు ఎక్కించాలి. దీపాలు పెట్టే వేళకు కంటోన్మెంటులో దిగుతాయి. ఒక్క పూట ఆలస్యమైతే పండు మెత్తబడిపోతుంది. అన్నిటికంటే పెద్ద కట్టడి ఒకటుంది. తడి పండు కోయకూడదు. తడి తగిలిన పండు ఒక్కటి బుట్టలో ఉన్నా చాలు, చుట్టూ ఉన్నవాటికి కూడా బూజు పడుతుంది.

పన్నెండు మందిలో చెంగమ్మ చెయ్యే చెయ్యి. ఆమె చిన్నప్పటి నుంచి పట్టుపురుగులకు ఆకు కోసిన మనిషి. ఆమె కోసిన పండు మీద గోటి గీత కూడా పడేది కాదు. బావి పక్కనున్న పొడుగు సాలు ఆమెది. అందరూ దాన్ని చెంగమ్మ సాలు అనేవాళ్లు. లిడియా పుంగనూరికి వచ్చిన మొదటి నెలలోనే చలిజ్వరంతో పడిపోతే, కషాయం కాచి తెచ్చి పది రోజులు పక్కన కూర్చున్నది కూడా చెంగమ్మే.

నలభై నాలుగో సంవత్సరం జనవరిలో నాయుడు బంధువుల పెండ్లికని చిత్తూరు పోయాడు. పోతూ పోతూ, "బస్సు మాత్రం తప్పిపోకూడదు లిడియా," అని చెప్పాడు. ఆ మర్నాడు తెల్లవారుజామున, కాలం కాని కాలంలో వాన పడింది. గంటసేపు పడి నిలిచిపోయింది గానీ మబ్బు మాత్రం విడవలేదు. ఎనిమిదైనా ఆకుల మీద నీళ్లు అట్లే ఉన్నాయి. ఆడవాళ్లు గట్టు మీద నిలబడి లిడియా వైపు చూశారు.

"ఈ పొద్దుకు వద్దులేమ్మా," అంది చెంగమ్మ. "తడి పండు బుట్టలో ఏస్తే కుప్పం దాటేలోపల బూజు పడతాది. రేపు కోద్దాం."

ఆ మాట నిజమని లిడియాకు తెలుసు. కానీ రెండేండ్లలో ఒక్కరోజూ బస్సు తప్పలేదన్నది ఆమె గర్వం. నాయుడు లేని పూటే తప్పితే, ఆడమనిషి మేస్త్రీతనం ఇంతేలే అంటారేమో అనిపించింది. పదిమంది ముందర చెంగమ్మ వద్దనడం కూడా ఎక్కడో గుచ్చుకుంది.

"నాకు తెలుసులే చెంగమ్మక్కా. కోయండి. గుడ్డ మీద ఆరబోస్తాం," అంది.

కోశారు. గుడ్డ మీద పోశారు. ఎండే లేనిది ఆరేదెట్లా? చెంగమ్మ ఒక్కతే తను కోసినవాటిని ఒక్కొక్కటిగా కొంగుతో అద్ది అద్ది పేర్చింది. బస్సు అందింది. లిడియా ఆ పూట హాయిగానే అన్నం తినింది.

నాలుగో రోజుకు బెంగళూరు నుంచి జాబు వచ్చింది. బుట్టలు తెరిస్తే బూజు వాసన కొట్టిందట. మెస్సువాళ్లు అన్నీ తిప్పి పంపేశారట. ఈ నెలంతా మీ పండు మాకు వద్దు అని రాశాడు షావుకారు. చిత్తూరు నుంచి తిరిగొచ్చిన నాయుడు జాబు చేతిలో పట్టుకుని, అందరినీ బావి దగ్గరికి పిలిచాడు.

"తడి పండు కోసింది ఎవరు?"

నేనే కోయించాను అని చెప్పాలనే లిడియా నోరు తెరిచింది. బయటికి వచ్చిన మాట వేరు.

"అది చెంగమ్మ సాలు పండయ్యా, అన్ని బుట్టల్లోనూ కలిసిపోయింది. నేను వద్దంటానే ఉండాను."

ఆ పొద్దు జరిగింది పదకొండు మందీ విన్నవాళ్లే. కానీ మేస్త్రీకి ఎదురు మాట్లాడితే రేపు పనిలోకి పిలవదని ప్రతి ఒక్కరికీ భయం. చెంగమ్మ లిడియాను చూసింది. అరవలేదు, ఒట్లు పెట్టలేదు.

"అట్లేనా లిడియమ్మా?" అని అడిగింది.

లిడియా నేల చూపులు చూస్తూ, "అవును," అంది.

ఆ పూటే చెంగమ్మను పనిలోంచి తీసేశారు. వారానికి ఆమె, మొగుడు గంగప్ప మూటాముల్లె సర్దుకుని కుప్పం వెళ్లిపోయారని తెలిసింది. నెల తిరిగాక మళ్లీ బెంగళూరుకు బుట్టలు పోయాయి. తోట తేరుకుంది. లిడియానే తేరుకోలేకపోయింది. ఆదివారం ప్రార్థనలో క్షమించమని అడిగే చోటికి వచ్చేసరికి ఆమె ఆ మాట బయటికి అనేది కాదు. పక్కనున్నవాళ్ల గొంతులు వింటూ పెదాలు మాత్రం కదిపేది. బావి పక్క సాలును కొత్త మనిషికి ఇచ్చింది. అయినా అటు పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేది. ఎన్నోసార్లు నాయుడి వాకిలిదాకా పోయి, ఎరువు గురించో గడ్డి గురించో అడిగి వెనక్కి వచ్చేసింది. ఆడవాళ్లు ఆమెతో మాట్లాడేవాళ్లు. కానీ ఆమె దగ్గరికి వస్తే వాళ్ల నవ్వు ఆగిపోయేది.

మరుసటి ఏడు కోతల్లో, బుట్టలు తీసుకుపోయే మనిషికి ఒంట్లో బాగాలేక, లిడియానే కుప్పం పోవాల్సి వచ్చింది. రైలుకు బుట్టలు ఎక్కించి, ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచింది. అక్కడ పట్టాల పక్కన నలుగురు ఆడవాళ్లు కూర్చుని కంకర కొడుతున్నారు. అందులో ఒకరు చెంగమ్మ. చిక్కిపోయింది. ఎడమచేతి రెండు వేళ్లకు గుడ్డ చుట్టి ఉంది. లిడియా చూపు ఆ వేళ్ల మీదే నిలిచిపోయింది.

"చెంగమ్మక్కా, నేను తప్పు చేసినా," అంది నిలబడే. "ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినా."

చెంగమ్మ సుత్తి పక్కన పెట్టింది. "నాకు యాల చెప్తాండావమ్మా? నాకు తెలీనిదా అది?"

లిడియా ఆమె పక్కన కింద కూర్చుంది.

"పుంగనూరులో మల్బరీ తోటలో పనడిగితే, కుళ్లు పండు చెంగమ్మవు నువ్వే కదా అన్నారు. వేరే తోటకు పోయినా అదే మాట. అందుకే ఈడికి వచ్చినాం. చెప్పాలనుంటే ఎవరి ముందర అబద్ధం చెప్పినావో వాళ్ల ముందర చెప్పు. ఈడ కాదు." మళ్లీ సుత్తి అందుకుంది.

మర్నాడు కోతకు దిగకముందు లిడియా నాయుణ్ణి తోటకు రమ్మని కబురు పంపింది. ఆడవాళ్లందరినీ బావి దగ్గర నిలబెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. చెంగమ్మ వద్దన్నదని, తనే కోయించిందని, పొగరుకు పోయి కోయించి భయానికి అబద్ధమాడిందని చెప్పింది.

"ఏడాది గడిచినాక ఇప్పుడా చెప్పేది?" అన్నాడు నాయుడు.

ఆడవాళ్లలోంచి మంగమ్మ ముందుకు వచ్చింది. "మేమూ విన్నామయ్యా. మేము కూడా నోరు తెరవలేదు," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నాయుడు ఆ పొద్దే మంగమ్మను మేస్త్రీగా పెట్టాడు. లిడియాను పనిలోంచి తీసేయలేదు గానీ కోతలోకి దింపాడు. చెంగమ్మను వెనక్కి పిలుచుకు రమ్మన్నాడు. లిడియా రెండోసారి కుప్పం బస్సెక్కింది. అందరి ముందరా చెప్పేశానని, నాయుడు రమ్మంటున్నాడని చెప్పింది. చెంగమ్మ అంతా విన్నది.

"చెప్పినావు గదా, మంచిది," అంది. "నేను మాత్రం రాను. ఈడ పని కష్టమే. కానీ నన్ను ఒక మాట అన్నోళ్లు ఈడ ఎవరూ లేరు."

ఇంక బతిమాలే ధైర్యం లిడియాకు లేకపోయింది. నిజం చెప్పేస్తే బరువు దిగుతుందని ఏడాదిగా అనుకుంటూ ఉండింది. బస్సులో తిరిగి వస్తుంటే తెలిసింది, దిగింది సగమే. మిగతా సగం కుప్పంలో కంకర కుప్ప పక్కన అట్లే ఉంది.

యుద్ధం ముగిసింది. మూడో ఏటికి తెల్లదొరలు మూటలు కట్టుకుని పోయారు. కంటోన్మెంటు షావుకారు నుంచి జాబులు రావడం ఆగిపోయింది. నాయుడు స్ట్రాబెర్రి మొక్కలు పెరికించి వేరుశనగ వేశాడు. లిడియా మదనపల్లెకు తిరిగి వచ్చి, ఆసుపత్రి తోటలో కలుపు తీసే పనిలో కుదిరింది. మేస్త్రీ పని ఇస్తామన్నా వద్దంది.

ఏటా కోతల నెల వచ్చేసరికి ఒకరోజు సెలవు పెట్టి కుప్పం పోయేది. చెంగమ్మ గడపలోకి రానిచ్చేది. సంగటి, చెనక్కాయల చట్నీ పెట్టేది. గంగప్ప మోకాళ్ల నొప్పులు, మదనపల్లె టమాటా ధరలు, అన్నీ మాట్లాడుకునేవాళ్లు. పొద్దు వాలుతుంటే చెంగమ్మే, "బస్సుకు టైమవుతాండాది సూడు," అని గుర్తుచేసేది. ఈ పూటకు ఉండిపొమ్మని మాత్రం ఏ ఏడూ అనలేదు. లిడియా కూడా ఉంటానని అడగకుండానే లేచేది.